లీటరు బరువెంత?

కిరాణా దుకాణంలో దొరికే లీటరు వంటనూనె ప్యాకెట్టు మీద నికర పరిమాణం అన్న మాట పక్కన రెండు అంకెలు అచ్చు వేసి ఉంటాయి. ఒకటి 1 లీటరు, రెండవది చాలావరకు 910 గ్రాములు. లీటరు నెయ్యి డబ్బా మీద ఆ రెండవ అంకె 905 గ్రాముల దగ్గర ఉంటుంది. లీటరు సీసాను తేనెతో నింపి కాటా మీద పెడితే, సీసా బరువు తీసివేసిన తరువాత కూడా అది 1400 గ్రాములు చూపుతుంది; పాలతో నింపితే 1030 గ్రాముల దగ్గర ఆగుతుంది. పాత్ర ఒకటే, అది పట్టే చోటూ ఒకటే అయినా, అందులో పోసిన ద్రవాన్ని బట్టి బరువు దాదాపు అర కిలో వరకు తేడా వస్తున్నది. కొలతను తూకంలోకి, తూకాన్ని కొలతలోకి మార్చే పని వంటింట్లోనూ, పాల కేంద్రంలోనూ, నూనె మిల్లులోనూ నిత్యం జరిగేదే. అందుకు కావలసింది ఒక్కో ద్రవానికి ఒక్కో అంకె మాత్రమే. అయితే ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో, ఎప్పుడు మారుతుందో తెలియకుండా వాడితే లెక్క తప్పుతుంది, ఆ తప్పు ఒకచోట వంటను చెడగొడితే మరొకచోట రైతు డబ్బును తగ్గిస్తుంది.

ఒక పదార్థం ఆక్రమించే చోటును ఘనపరిమాణం అంటారు. లీటరు, మిల్లీలీటరు దాని ప్రమాణాలు. ఆ పదార్థంలో ఉన్న ద్రవ్యం ఎంతో చెప్పేది ద్రవ్యరాశి. దానిని కిలోగ్రాముల్లో, గ్రాముల్లో చెబుతారు, వాడుకలో బరువు అనే అంటారు కాబట్టి ఈ అధ్యాయంలోనూ ఆ మాటే వాడడం జరిగింది. బరువును ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చే అంకెను సాంద్రత అంటారు, అంటే ఒక మిల్లీలీటరు చోటులో ఎన్ని గ్రాముల పదార్థం ఇమిడి ఉన్నదో అది చెబుతుంది. ఒక ద్రవం సాంద్రత నీటి సాంద్రతకు ఎన్ని రెట్లో చెప్పే అంకె సాపేక్ష సాంద్రత. పాత పుస్తకాల్లో దీనినే విశిష్ట గురుత్వం అన్నారు. మార్పిడి సూత్రం ఇంతకంటే పెద్దది కాదు: మిల్లీలీటర్లను సాంద్రతతో గుణిస్తే గ్రాములు వస్తాయి, గ్రాములను సాంద్రతతో భాగిస్తే మిల్లీలీటర్లు వస్తాయి. నూనె సాంద్రత 0.91 అనుకుంటే 200 మిల్లీలీటర్ల నూనె 182 గ్రాములు తూగుతుంది. కిలో నూనె కావాలంటే సుమారు 1100 మిల్లీలీటర్లు కొలవాలి. ఆవకాయకు కిలో నూనె పట్టించాలని లెక్క వేసుకున్నవారు లీటరు ప్యాకెట్టు ఒకటి తెచ్చి పోస్తే 90 గ్రాములు తక్కువ పడుతుంది, ముక్క మీద నూనె తేలవలసిన ఊరగాయకు ఆ తక్కువ చిన్నది కాదు.

నీటితో కుదిరిన బంధుత్వం

లీటరు, కిలో ఒకటేనన్న భావన ఊరికే పుట్టలేదు. 1795లో ఫ్రాన్స్‌లో మెట్రిక్ చట్టం వచ్చినప్పుడు, మంచు కరిగే ఉష్ణోగ్రత వద్ద ఒక ఘన సెంటీమీటరు స్వచ్ఛమైన నీటి బరువే గ్రాము అని నిర్వచించారు. తరువాత 1799లో ప్లాటినంతో కిలోగ్రాము దిమ్మను తయారు చేసేటప్పుడు, నీరు అన్నిటికంటే ఎక్కువ సాంద్రంగా ఉండే 4 డిగ్రీల సెల్సియస్‌ను ఆధారంగా తీసుకున్నారు. 1901లో తూనికలు, కొలతల సార్వత్రిక సమావేశం దీనిని తలకిందులు చేసి, ఆ స్థితిలో ఒక కిలో స్వచ్ఛమైన నీరు ఆక్రమించే చోటే లీటరు అని ప్రకటించింది. అయితే అలా వచ్చిన లీటరు, పది సెంటీమీటర్ల భుజం గల ఘనం కంటే పది లక్షల్లో 28 వంతులు పెద్దదని తేలడంతో 1964లో ఆ నిర్వచనాన్ని రద్దు చేసి, లీటరును మళ్లీ ఆ ఘనానికే కట్టివేశారు. చట్టంలో బంధం తెగినా లెక్కలో మాత్రం అది నిలిచే ఉంది: నీటికి సంబంధించినంతవరకు లీటరు అంటే కిలో అనుకోవడంలో వంటకు తెలిసేంత తప్పు ఉండదు, ఎందుకంటే 30 డిగ్రీల వద్ద కూడా లీటరు నీరు 996 గ్రాముల దాకా తూగుతుంది.

మెట్రిక్ పద్ధతి రాకముందు తెలుగునాట కొలతలు వేరు, తూనికలు వేరు. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము అన్న వరుస ధాన్యానికీ పాలకూ నూనెకూ నడిచింది. బెల్లం, చింతపండు వంటివాటికి పలం, వీశె, మణుగు అన్న వరుస నడిచింది. వీశె 120 తులాలు, అంటే సుమారు 1.4 కిలోలు. మానిక ఎంత పడుతుందన్నది ప్రాంతాన్ని బట్టి మారేది కాబట్టి ఆ కొలతలను నేటి మిల్లీలీటర్లలోకి మార్చేటప్పుడు ఏ ఊరి మానిక అన్నది ముందు తేల్చుకోవాలి. ఆ పద్ధతిలో చిక్కులు ఎన్ని ఉన్నా, ఒక మేలు కూడా ఉంది: మానికకూ వీశెకూ మధ్య ఏ సమానత్వమూ లేదు కాబట్టి ఒకదానిని రెండవదిగా ఎవరూ పొరపడలేదు. 1956లో భారత ప్రభుత్వం తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం చేసి, ఆ తరువాతి ఏళ్లలో దశలవారీగా మెట్రిక్ పద్ధతిని అమలులోకి తెచ్చాక, నీటి మూలంగా లీటరుకూ కిలోకూ ఉన్న ఈ బంధుత్వం అన్ని ద్రవాలకూ వర్తిస్తుందన్న అపోహ కూడా దానితో పాటే వచ్చింది.

అంకె వెనుక ఉన్న పదార్థం

నూనె నీటి కంటే తేలిక కావడానికి కారణం దాని అణువుల నిర్మాణంలో ఉంది. నీటి అణువులు చాలా చిన్నవి. పైగా హైడ్రోజన్ బంధాల వల్ల ఒకదానినొకటి గట్టిగా పట్టుకుని దగ్గరదగ్గరగా ఉంటాయి. నూనె అణువులు కార్బన్, హైడ్రోజన్ పరమాణువుల పొడవాటి గొలుసులు. హైడ్రోజన్ అన్నిటికంటే తేలికైన మూలకం, ఆ గొలుసుల మధ్య ఆకర్షణ కూడా బలహీనం, కనుక అవి వదులుగా సర్దుకుంటాయి, అదే చోటులో తక్కువ బరువు ఇముడుతుంది. వేరుశెనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు, తవుడు, ఆవ, కొబ్బరి నూనెలన్నీ గది వేడిమి వద్ద 0.905, 0.925 మధ్యనే ఉంటాయి, కాబట్టి వంటకు నూనె ఏదైనా 0.91 లేదా 0.92 అని తీసుకుంటే చాలు. మూడవ దశాంశ స్థానం కోసం తాపత్రయపడడం పరిశోధనశాలకు అవసరమేమో గాని పొయ్యి దగ్గర కాదు.

పంచదార, బెల్లం, ఉప్పు కరిగిన ద్రవాల్లో దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. నీటి అణువుల మధ్య బరువైన అణువులు చేరి ఇముడుతాయి కాబట్టి సాంద్రత పెరుగుతుంది. బరువులో సగం పంచదార, సగం నీరు ఉన్న ద్రావణం సాంద్రత 20 డిగ్రీల వద్ద 1.23, పంచదార 60 శాతమైతే 1.29, 70 శాతమైతే 1.35. తేనెలో చక్కెరలు అంతకంటే ఎక్కువ, నీరు ఐదింట ఒక వంతు కూడా ఉండదు కనుక అది 1.4 దాటుతుంది. లేత పాకం, తీగ పాకం, ఉండ పాకం అని అరిసెలు వండేవారు వేళ్లతో పట్టి చెప్పేవన్నీ నీరు ఇగిరి చక్కెర శాతం పెరిగే మెట్లే. కాబట్టి పాకానికి ఒకే సాంద్రత అంటూ ఉండదు, పొయ్యి మీద ఉన్నంతసేపు అది మారుతూనే ఉంటుంది.

ఇక్కడ వంటవారికి అన్నిటికంటే ఉపయోగపడే సంగతి ఒకటి ఉంది. కిలో నీటిలో కిలో పంచదార కరిగిస్తే రెండు కిలోల ద్రావణం వస్తుంది, ఇందులో సందేహానికి తావు లేదు. కాని దానిని లీటరు పాత్రతో కొలిస్తే రెండు లీటర్లు రాదు, చల్లారిన తరువాత 1.63 లీటర్ల దగ్గర ఉంటుంది. చోట్లు కలపడానికి లొంగవు, బరువులు లొంగుతాయి. ద్రవ్యం కలిపినప్పుడు పుట్టదు, పోదు గనుక బరువుల లెక్క ఎప్పుడూ సరిపోతుంది. చోటు అలా కాదు, అణువులు ఒకదాని సందుల్లో మరొకటి ఎలా సర్దుకుంటాయన్న దాని మీద అది ఆధారపడుతుంది. పది మందికి రాసిన వంట పాళ్లను రెండు వందల మందికి పెంచవలసి వచ్చినప్పుడు తూకాన్ని నమ్మాలని చెప్పడానికి ఇదొక్కటే చాలినంత కారణం.

ద్రవాల సాంద్రతను వరుసగా కొలిచి పట్టిక రాసే ప్రయత్నం కొత్తది కాదు. నేటి తుర్క్‌మెనిస్తాన్‌లో ఉన్న మెర్వ్ నగరంలో అల్ ఖాజినీ అనే శాస్త్రవేత్త 1121 ప్రాంతంలో త్రాసుల గురించి రాసిన మహాగ్రంథంలో, లోహాలతో పాటు నూనెలు, తేనె, పాలు మొదలైన ద్రవాల విశిష్ట గురుత్వాలను కూడా నమోదు చేశాడు. నువ్వుల నూనెకు, ఆలివ్ నూనెకు, తేనెకు అతడు ఇచ్చిన విలువలను నేటి దశాంశాల్లోకి మారిస్తే 0.915, 0.920, 1.406 వస్తాయి, అవి నేటి పట్టికల పక్కన నిలబడగలిగినవే. ఆవు పాలకు వచ్చే 1.110 మాత్రం బాగా ఎక్కువ. అయినా తొమ్మిది వందల ఏళ్ల నాడు, ఉష్ణమాపకం లేని కాలంలో, నువ్వుల నూనెకు మూడు స్థానాల దాకా సరిపోయే అంకెను రాబట్టిన ఆ చేతి నైపుణ్యం గౌరవించదగినది.

వేడి చేసే మార్పు

వేడెక్కిన ద్రవం వ్యాకోచిస్తుంది, అంటే దాని బరువు మారకుండానే చోటు పెరుగుతుంది, కాబట్టి సాంద్రత తగ్గుతుంది. ఈ మార్పు నీటిలో కంటే నూనెలో చాలా ఎక్కువ. ఒక్కో డిగ్రీకి నూనె తన చోటులో పదివేల వంతుల్లో ఏడు వంతుల దాకా పెరుగుతుంది. లీటరు సోయా నూనె 21 డిగ్రీల వద్ద 919 గ్రాములు తూగితే 60 డిగ్రీల వద్ద 892.6 గ్రాములే తూగుతుంది. ఈ రెండు అంకెలు భారత ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 ఆగస్టులో ఇచ్చిన ప్రకటనలోనివి. అప్పటికి కొందరు తయారీదారులు ప్యాకెట్టు మీద ఘనపరిమాణంతో పాటు ఒక ఉష్ణోగ్రతను కూడా ముద్రించేవారు, కొన్నిటి మీద అది 60 డిగ్రీల దాకా ఉండేది. కాగితం మీద అది అబద్ధం కాదు, ఆ వేడి వద్ద అది నిజంగా లీటరే. కాని ఇంట్లో ఎవరూ నూనెను 60 డిగ్రీల వద్ద నిలవ ఉంచరు, కొనుగోలుదారు చేతికి మాత్రం 26 గ్రాములు తక్కువ వస్తుంది. అందుకే ఉష్ణోగ్రత ప్రస్తావన లేకుండా ఘనపరిమాణాన్ని, దానితో పాటు బరువును ముద్రించాలని ఆ శాఖ ఆదేశించి, 2023 జనవరి 15 దాకా గడువు ఇచ్చింది. ఒక కొలత పక్కన తూకాన్ని తప్పనిసరి చేయడం ఎందుకు న్యాయమో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ దొరకదు.

ఆ రెండు అంకెలను బట్టి లెక్క వేస్తే, రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండ 45 డిగ్రీలు చేరిన రోజున, అదే వేడికి వచ్చిన విడి నూనెను లీటరు పాత్రతో కొలిచి అమ్మితే కొనేవారికి 903 గ్రాములు దక్కుతాయి, చలికాలపు 21 డిగ్రీల రోజుతో పోలిస్తే 16 గ్రాములు తక్కువ. నెయ్యి, కొబ్బరి నూనె విషయంలో ఇంకో మెలిక ఉంది. కొవ్వు పేరుకున్నప్పుడు కుంచించుకుపోతుంది. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది, పేరిన నెయ్యి పూస పూసగా గాలి సందులతో ఉంటుంది, కనుక పేరిన నెయ్యి ఒక గిన్నెడు, కరిగిన నెయ్యి ఒక గిన్నెడు బరువులో సమానం కావు. నీరు ఇందుకు విరుద్ధంగా గడ్డకట్టేటప్పుడు పదకొండో వంతు దాకా ఉబ్బుతుంది, మంచు నీటి మీద తేలడం అందువల్లే.

పాలలో మూడు శాతం

వంటింటి ద్రవాలన్నిటిలో సాంద్రత అత్యధిక జీవనోపాధులను ప్రభావితం చేసేది పాలలోనే. పాలు మూడు భాగాల మిశ్రమం: నీరు, వెన్న, వెన్న కాని ఘనపదార్థాలు. మూడవ భాగంలో మాంసకృత్తులు, పాల చక్కెర, లవణాలు ఉంటాయి. వెన్న సాంద్రత 0.93, వెన్న కాని ఘనపదార్థాలది 1.6 దాకా ఉంటుంది. మొదటిది పాలను తేలిక చేస్తే రెండవది బరువెక్కిస్తుంది. గేదె పాలలో వెన్న ఆవు పాల కంటే దాదాపు రెట్టింపు ఉన్నా, ఘనపదార్థాలు కూడా ఎక్కువే కాబట్టి రెండింటి సాంద్రతా 1.03 చుట్టూనే తిరుగుతుంది. కాచి చల్లార్చిన పాల మీద మీగడ కట్టడానికీ ఇదే మూలం, చుట్టూ ఉన్న ద్రవం కంటే తేలికైన వెన్న బిందువులు పైకి చేరతాయి.

లాక్టోమీటర్ అంటే పాలలో తేలే గాజు బుడ్డి. పాలు ఎంత సాంద్రమైతే అది అంత పైకి తేలుతుంది. దాని కాడ మీద 30 అన్న గీత 1.030 సాంద్రతకు గుర్తు. నీళ్లు కలిపితే అంకె పడిపోతుంది కాబట్టి కల్తీ దొరుకుతుందని సామాన్య నమ్మకం. అది సగమే నిజం. వెన్న తీసేసిన పాల సాంద్రత 1.035 దాకా పెరుగుతుంది. అటువంటి ఆరు లీటర్ల పాలలో ఒక లీటరు నీరు కలిపితే మిశ్రమం సాంద్రత సరిగ్గా 1.030కి వస్తుంది. వెన్నా పోయింది, నీళ్లూ చేరాయి, లాక్టోమీటర్ మాత్రం అవి చిక్కటి పాలని సాక్ష్యం చెబుతుంది. అప్పుడే పితికిన పాలలో గాలి బుడగలు ఉంటాయి, వెన్న కూడా ద్రవరూపంలో ఉంటుంది, కాబట్టి వాటిని వెంటనే కొలిస్తే మంచి పాలు కూడా పలుచనివిగా కనిపించవచ్చు. ఈ కారణాల చేత లాక్టోమీటర్‌తో పాటు వెన్న శాతాన్ని కూడా కొలవాలని నియమం ఏర్పడింది.

ఆ వెన్న పరీక్షలోనే కొలతను తూకంగా మార్చే చక్కని ఉపాయం ఒకటి దాగి ఉంది. స్విట్జర్లాండ్‌కు చెందిన నిక్లాస్ గెర్బర్ 1891లో రూపొందించిన పద్ధతిలో 10 మిల్లీలీటర్ల గాఢ గంధకామ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ ఒక గాజు గొట్టంలో పోసి, యంత్రంలో గిరగిర తిప్పి, విడివడి పైకి వచ్చిన వెన్నను గీతల మీద చదువుతారు. 10.75 అన్న వింత అంకె ఎందుకంటే, 1.03 సాంద్రత గల పాలు ఆ పిపెట్‌లో 11 గ్రాముల పైచిలుకు ఉంటాయి, గొట్టం మీద గీతలు కూడా అంత బరువుకే లెక్కగట్టి గీసినవి. అంతకు ఒక ఏడాది ముందు అమెరికాలో స్టీఫెన్ బాబ్‌కాక్ ప్రవేశపెట్టిన పద్ధతిలో పిపెట్ 17.6 మిల్లీలీటర్లది, గాజుకు అంటుకుని మిగిలిపోయేది పోగా దాని నుంచి సరిగ్గా 18 గ్రాముల పాలు జారాలని ఆ అంకె పెట్టారు. కాటా లేకుండానే తూకం తెలిసేలా ఇద్దరూ మార్పిడి లెక్కను గాజులోనే పొదిగారు.

వెన్న శాతం అనేది బరువులో శాతమని ఇందువల్ల గుర్తుంచుకోవాలి. పాడి రైతు 6.5 శాతం వెన్న ఉన్న పది లీటర్ల గేదె పాలు పోశాడనుకుంటే, ఆ పాల బరువు 10.3 కిలోలు, అందులో వెన్న 669 గ్రాములు. లీటరును కిలోగా భావించి లెక్క కడితే 650 గ్రాములే వస్తుంది. రోజుకు 19 గ్రాముల పైన తేడా, నెలకు అర కిలోకు మించిన వెన్న. పాల లెక్కన అయితే నెలకు తొమ్మిది కిలోలు. జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ తన గణాంకాల్లో పాల సేకరణను కిలోగ్రాముల్లోనూ, అమ్మకాలను లీటర్లలోనూ చూపుతుంది, రెండింటినీ పోల్చేవారు ఈ మూడు శాతాన్ని సవరించుకుని తీరాలి. పాల కేంద్రంలో తమ పాలను లీటర్లలో కొలిచి కిలోల ధర కడుతున్నారా, కిలోల్లో తూచి కిలోల ధర కడుతున్నారా అన్నది అడిగి తెలుసుకునే హక్కు ప్రతి రైతుకూ ఉంది, అడగడం అవసరం కూడా.

కప్పులు, చెంచాలు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు రోజూ ఎదుర్కొనే కొలత కప్పు. 1896లో ఫానీ ఫార్మర్ వెలువరించిన బోస్టన్ వంట పాఠశాల పుస్తకం సమంగా నింపిన కప్పులను, చెంచాలను ఆ దేశపు వంటకు ప్రమాణంగా స్థిరపరచడంలో ముఖ్యపాత్ర వహించింది. ఆ కప్పు 236.6 మిల్లీలీటర్లు, పోషకాల చీటీల మీద దానిని 240గా తీసుకుంటారు, ఆస్ట్రేలియాలో 250, జపాన్‌లో 200, జపాన్ రైస్ కుక్కర్‌తో వచ్చే బియ్యపు కప్పు 180. పెద్ద చెంచా చాలా దేశాల్లో 15 మిల్లీలీటర్లు కాగా ఆస్ట్రేలియాలో 20. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లయితే బ్రిటన్ గ్యాలన్ 4.546 లీటర్లు. ద్రవాలకు వాడే ఔన్సు చోటును చెప్పేది, తూకానికి వాడే ఔన్సు బరువును చెప్పేది. రెండింటికీ పేరు ఒకటే కావడంతో, అమెరికా ద్రవ ఔన్సు తేనెను ఒక తూకపు ఔన్సుగా భావించినవారు 28 గ్రాముల బదులు 42 గ్రాములు పోస్తారు.

అమెరికా కప్పుడు నీరు 236 గ్రాములు, పాలు 244, నూనె 218, తేనె 336. నూనె బదులు తేనె వాడవచ్చని చెప్పే కేకు పాళ్లలో ఒక కప్పుకు ఒక కప్పు మార్చినవారికి పిండి ముద్ద ఎందుకు బరువెక్కిందో ఈ అంకెలు చెబుతాయి.

ఇదే లెక్క ఆరోగ్యానికీ అవసరం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాల్లో, రోజుకు 2000 కిలోకేలరీల భోజనానికి నూనెలు, కొవ్వులు కలిపి 27 గ్రాములు సూచించింది. ఆ అంకె గ్రాముల్లో ఉంది, వంటింట్లో గరిటె ఉంది. 27 గ్రాములు అంటే 30 మిల్లీలీటర్లకు కొంచెం లోపు, అంటే రెండు పెద్ద చెంచాలు. అంత భోజనం చేసే నలుగురు పెద్దవారి ఇంటికి నెలకు 3.24 కిలోలు, కొలతలో మూడున్నర లీటర్ల పైచిలుకు, నెయ్యితో సహా.

ఇంట్లోనే రాబట్టే అంకె

చింతపండు పులుసు, కొబ్బరి పాలు, బెల్లపు పాకం వంటివి ఇంటికొక చిక్కదనంతో ఉంటాయి, వాటికి పట్టికల్లోని అంకె పనికిరాదు. వాటి సాంద్రతను కనుక్కోవడానికి వంటింటి కాటా, ఒక గ్లాసు చాలు. ఖాళీ గ్లాసు 80 గ్రాములు, అంచుదాకా నీరు పోస్తే 330 గ్రాములు అనుకుంటే అది 250 గ్రాముల నీరు పడుతుంది. నీరు పారబోసి, గ్లాసు తుడిచి, అంతే మట్టానికి నూనె పోసి తూచితే 308 వచ్చిందనుకుంటే నూనె బరువు 228. దానిని 250తో భాగిస్తే 0.912. నీరు, నూనె రెండూ ఒకే గది వేడిమికి వచ్చాక తూచాలి. గ్లాసు మీద రాసిన మిల్లీలీటర్లు తప్పయినా ఈ పద్ధతిలో ఫలితం మారదు, ఎందుకంటే రెండుసార్లూ అదే గ్లాసు.

కాటా ఒక గ్రాము వరకే చూపగలదు కనుక 250 గ్రాముల తూకంలో తప్పు లెక్కలోకి రాదు. అయిదు మిల్లీలీటర్ల చిన్న చెంచాడు ద్రవం తూచేటప్పుడు మాత్రం అదే ఒక్క గ్రాము అయిదో వంతు తప్పు అవుతుంది. అంత కొద్ది మోతాదుకు చెంచాయే మేలు. కొన్ని కాటాల మీద మిల్లీలీటర్లు చూపే మీట ఉంటుంది. అది ద్రవాన్ని నీరుగా భావించి గ్రాములనే మిల్లీలీటర్లని రాస్తుంది. కాబట్టి 100 గ్రాముల తేనె 70 మిల్లీలీటర్లే ఉన్నా 100 అని చూపుతుంది.

కొలపాత్రతో కొలిచేటప్పుడు రెండు భౌతిక ధర్మాలు అడ్డు వస్తాయి. ద్రవం గాజు గోడల దగ్గర పైకి పాకి, మధ్యలో నెలవంకలా దిగుతుంది; దీనికి కారణం తలతన్యత, అంటే ద్రవం పై పొర బిగుతు, గాజుకూ ద్రవానికీ మధ్య ఆకర్షణ. కంటిని ఆ వంపు అడుగు మట్టానికి తెచ్చి చదవాలి, పై నుంచి చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. రెండవది స్నిగ్ధత, అంటే ప్రవాహానికి ద్రవం చూపే నిరోధం. తేనె, చల్లని నెయ్యి పాత్రను అంత త్వరగా వదలవు కాబట్టి కొలిచినంతా వంటలో పడదు. కాటాతో ఈ చిక్కు లేదు. తేనె సీసాను కాటా మీద పెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, సీసా నుంచి నేరుగా గిన్నెలోకి వంచి మళ్లీ కాటా మీద పెడితే, తగ్గిన బరువే గిన్నెలో పడిన బరువు.

గాలి చేరిన ద్రవాలకు కొలత ఏమాత్రం పనికిరాదు. ల్యూకోనోస్టాక్ అనే సూక్ష్మజీవులు విడిచే కార్బన్ డయాక్సైడ్ వల్ల రుబ్బిన ఇడ్లీ పిండి రాత్రికి గిన్నె అంచుదాకా పొంగుతుంది, బరువు మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. ప్యాకెట్లలో అమ్మే పిండిని కిలోల్లో అమ్మడం అందుకే సబబు. ఐస్‌క్రీమ్‌ను లీటర్లలో అమ్ముతారు, అందులో గాలి ఎక్కువ చేర్చి మోసగించకుండా లీటరుకు 525 గ్రాములకు తగ్గరాదని ఆహార భద్రత నిబంధనలు కట్టడి చేశాయి.

వంటల పుస్తకాలు రాసేవారు, వంట వీడియోలు చేసేవారు నూనె, నెయ్యి, తేనె, పాలు, పాకాల మోతాదును గ్రాముల్లో చెప్పి పక్కన మిల్లీలీటర్లను కూడా ఇవ్వాలి, కప్పు అని చెప్పినచోట అది ఎన్ని మిల్లీలీటర్ల కప్పో తప్పక చెప్పాలి, చెంచాల్లో కొలిచే కొద్దిపాటి మోతాదులను మాత్రం చెంచాల్లోనే ఉంచాలి.